సైకిల్ గీతలు, బోర్డులు చదవడం ఎలా: కాలిఫోర్నియాలో కారు నడిపే, సైకిల్ తొక్కే తెలుగువాళ్లకు

కాలిఫోర్నియా రోడ్డు మీద సైకిల్ బొమ్మ కనిపిస్తే చాలామంది డ్రైవర్లు "సైకిళ్లు ఇక్కడే ఉండాలి" అనుకుంటారు. బొమ్మ లేని రోడ్డయితే "ఇక్కడ సైకిళ్లకేం పని" అనుకుంటారు. రెండూ తప్పే. సన్నీవేల్, క్యూపర్టినో, ఫ్రీమాంట్, డబ్లిన్ చుట్టుపక్కల ఎన్నో తెలుగు కుటుంబాలు ఉన్నాయి. పిల్లలు సైకిల్ మీద బడికి వెళ్తున్నారు. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు సాయంత్రం పార్కు దాకా తొక్కుతున్నారు. మనం రోజూ కారులో వాళ్ల పక్కనుంచే పోతున్నాం. అయినా ఈ గీతల గురించి మన ఇళ్లలో మాట్లాడుకునేది చాలా తక్కువ. డీఎంవీ రాతపరీక్ష కోసం చదివింది లైసెన్సు చేతికి రాగానే మర్చిపోతాం.

అందుకే ఇది రెండు వైపుల నుంచీ రాస్తున్నాను: స్టీరింగ్ వెనక ఉన్నప్పుడు ఏం చేయాలి, హ్యాండిల్ పట్టుకున్నప్పుడు ఏం చేయాలి అని. ఒకే గీతను డ్రైవర్ ఒకలా, సైకిల్ మనిషి ఇంకోలా చదివితే ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ముందుగా తెలియాల్సిన ఒక్క సంగతి

కాలిఫోర్నియా వెహికిల్ కోడ్‌లోని 21200వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద సైకిల్ తొక్కే మనిషికి వాహనం నడిపే మనిషికున్న హక్కులన్నీ ఉంటాయి, బాధ్యతలన్నీ ఉంటాయి. ఫ్రీవే ర్యాంపు దగ్గర కనిపించేలాంటి నిషేధపు బోర్డు ఉంటే తప్ప, రోడ్డు సైకిల్‌కూ తెరిచే ఉన్నట్టు. సైకిల్ గుర్తులు ఈ హక్కును కొత్తగా పుట్టించవు. అది ముందునుంచీ ఉన్నదే. ఎక్కడ తొక్కితే మేలో, ఎక్కడ ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో గుర్తులు చెబుతాయి, అంతే.

కుడి అంచుకు ఉండాలన్న నియమం మాత్రం ఉంది, 21202వ సెక్షన్. మిగతా ట్రాఫిక్ కన్నా నెమ్మదిగా వెళ్లే సైకిల్ ఆచరణలో వీలైనంత కుడికి ఉండాలి. ఆ సెక్షన్‌లోనే మినహాయింపులు కూడా రాసి ఉన్నాయి: ఎవరినైనా దాటుతున్నప్పుడు, లెఫ్ట్ టర్న్‌కు సిద్ధమవుతున్నప్పుడు, గుంత, గాజుపెంకులు, ఆగిన కారు లాంటివి అడ్డొచ్చినప్పుడు, కుడికి తిరిగే వీలున్న చోటును సమీపిస్తున్నప్పుడు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. కారు, సైకిల్ పక్కపక్కన క్షేమంగా పట్టనంత ఇరుకు లేన్ అయితే ఈ నియమం వర్తించదు. మన కాలనీల మధ్య ఉండే రోడ్లలో ఇలాంటి లేన్లు చాలానే ఉన్నాయి. లేన్ మధ్యలో తొక్కే మనిషిని చూసి హారన్ కొట్టేముందు ఇది గుర్తుచేసుకోండి.

మొదటి మెట్టు: ముందు గీత, తర్వాత బొమ్మ

కళ్లు సహజంగా బొమ్మ మీదికి పోతాయి. కానీ అసలు నియమం గీతలో ఉంటుంది.

నిండు తెల్ల గీత, దానికి కుడివైపు సైకిల్ బొమ్మ లేదా "బైక్ లేన్" అన్న అక్షరాలు, బాణం ఉంటే అది సైకిల్ లేన్. ఇక్కడ బైక్ అంటే సైకిలే. మోటార్ సైకిల్‌కు అందులో చోటు లేదు. ఇలాంటి లేన్ ఉన్నచోట నెమ్మదిగా వెళ్లే సైకిల్ అందులోనే ఉండాలని 21208వ సెక్షన్ అంటుంది. దానికీ పైన చెప్పినలాంటి మినహాయింపులే ఉన్నాయి. లేన్‌లో చెత్త డబ్బా ఉంటే సైకిల్ బయటకు వస్తుంది, రావచ్చు కూడా. అమెరికాలో మొదటి సైకిల్ లేన్లు వేసింది ఈ రాష్ట్రంలోని డేవిస్ ఊళ్లోనే, 1967లో. ఇన్నేళ్ల తర్వాత కూడా డెలివరీ బండ్లు, "రెండు నిమిషాలే" అంటూ ఆగే కార్లు ఆ లేన్‌ను మూసేస్తూనే ఉన్నాయి. ఆ రెండు నిమిషాల్లో పదేళ్ల పిల్ల కార్ల మధ్యలోకి వెళ్లాల్సి వస్తుంది.

నిండు తెల్ల గీత ఉండి సైకిల్ బొమ్మ లేకపోతే అది రోడ్డు అంచు గీత. దానికి కుడివైపున్నది షోల్డర్. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. "అంత చోటుండగా లేన్‌లోకి ఎందుకొచ్చాడు" అంటారు. షోల్డర్ మీద తొక్కే వీలు చట్టం ఇస్తుంది కానీ తొక్కి తీరాలని చెప్పదు. కంకర, గాజు, డ్రైనేజీ జాలీలు చేరేది అక్కడే కాబట్టి చాలామంది దాన్ని వదిలేస్తారు.

రెండు గీతల మధ్య ఏటవాలు చారలుంటే అది కారుకూ సైకిల్‌కూ నడుమ వదిలిన ఖాళీ. అక్కడ కారు నడపకూడదు, ఆపకూడదు.

ఇక ప్లాస్టిక్ స్తంభాలు, సిమెంటు దిమ్మలు లేదా పార్క్ చేసిన కార్ల వరుస అడ్డుగా ఉన్న లేన్లు. క్యూపర్టినోలో స్టీవెన్స్ క్రీక్ బులెవార్డ్ మీద, శాన్ హొజే డౌన్‌టౌన్‌లో ఇవి కనిపిస్తాయి. డౌన్‌టౌన్‌లో కొన్ని వీధుల్లో కార్లు ఫుట్‌పాత్‌ను ఆనుకుని కాకుండా కొంచెం ఎడంగా ఆగి ఉంటాయి. కొత్తవాళ్లు ఆ కార్ల వరుసను సిగ్నల్ కోసం ఆగిన ట్రాఫిక్ అనుకుని వెనక నిలబడతారు. ఇంకొందరు ఫుట్‌పాత్ పక్కన ఖాళీ ఉందని సంతోషంగా అక్కడే పార్క్ చేస్తారు. ఆ ఖాళీయే సైకిల్ లేన్. పార్కింగ్ వెతికేటప్పుడు ముందు నేల మీద సైకిల్ బొమ్మ ఉందేమో చూసి, తర్వాత పార్కింగ్ గళ్లు ఎక్కడున్నాయో చూడండి. కారు దిగేటప్పుడు ప్రయాణికుడి వైపు డోర్ కూడా చూసుకునే తెరవాలి. ఈ వీధుల్లో సైకిళ్లు వచ్చేది ఆ వైపు నుంచే.

రెండో మెట్టు: సైకిల్ లేన్ పక్కనుంచి రైట్ టర్న్

ఈ మార్గదర్శిలో ఒక్కటే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి. కాలిఫోర్నియాలో కారు వాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడ.

చాలామంది ఇలా అనుకుంటారు: "సైకిల్ లేన్‌లోకి కారు పోకూడదు. కాబట్టి నా లేన్‌లోనే ఉండి, జంక్షన్ రాగానే కుడికి తిప్పుతాను." జాగ్రత్తగా నడిపే మనిషే ఇలా ఆలోచిస్తాడు. ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం ఘోరం. కుడిపక్కన నేరుగా వెళ్తున్న సైకిల్‌కు సరిగ్గా అడ్డంగా కారు తిరుగుతుంది. సైకిల్ మనిషికి తప్పించుకునే చోటే ఉండదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లకు పక్కనుంచి బండ్లు దూరుతుంటాయన్న ఎరుక ఉంటుంది. ఇక్కడికొచ్చాక రోడ్లు ఖాళీగా, లేన్లు విడివిడిగా కనిపించేసరికి ఆ ఎరుక తగ్గిపోతుంది.

చట్టం చెప్పేది పూర్తిగా వేరు. టర్న్ తీసుకోవడానికి సైకిల్ లేన్ దాటాల్సి వస్తే, ముందుగానే ఆ లేన్‌లోకి కారును చేర్చి, అక్కడి నుంచి తిరగమంటుంది 21717వ సెక్షన్. ఎంత ముందు అంటే, జంక్షన్‌కు 200 అడుగుల లోపు అని 21209 చెబుతుంది. నేల మీద నిండు గీత ముక్కల గీతగా మారేది అందుకే. ఆ ముక్కల గీత కారుకు ఇచ్చిన అనుమతి, సైకిల్‌కు ఇచ్చిన హెచ్చరిక.

వరుసగా చెబుతాను. టర్న్ దగ్గరపడుతుండగా ముందు ఇండికేటర్ వేయండి. కనీసం చివరి 100 అడుగులూ అది వెలుగుతూ ఉండాలని చట్టం అంటుంది. ముక్కల గీత మొదలయ్యేలోపే వేస్తే ఇంకా మంచిది. కుడి అద్దం చూడండి. అది చాలదు, తల తిప్పి కుడి భుజం మీదుగా వెనక్కి చూడండి. పక్కన గానీ కొంచెం వెనక గానీ సైకిల్ ఉంటే వేగం తగ్గించి ముందు దాన్ని పోనివ్వండి. గబగబా దాన్ని దాటేసి ముందు దూరాలన్న ఆలోచన వద్దు. లేన్ ఖాళీ అయ్యాక మెల్లగా కుడి అంచు దాకా చేరండి. సగం లోపల, సగం బయట ఆపితే వెనకొచ్చే సైకిల్‌కు మీ ఉద్దేశం అర్థం కాదు. నడిచేవాళ్లను చూసుకుని తిరగండి.

సైకిల్ మీద ఉన్నప్పుడు మీ వంతు: ముందున్న కారు కుడి ఇండికేటర్ వేస్తే దాని కుడిపక్కన దూరకండి. లేన్ మీదే అయినా సరే. వెనకే ఆగండి, లేదా వెనక్కి చూసుకుని ఎడమ నుంచి దాటండి. ఇండికేటర్ వేయకుండా తిరిగేవాళ్లూ ఉంటారు కాబట్టి జంక్షన్‌లో కారు పక్కన సరిసమానంగా తొక్కే అలవాటే వద్దు.

ఇందులో రెండు రకాల మినహాయింపులు. స్తంభాలో దిమ్మలో అడ్డుంటే కారు లేన్‌లోకి చేరలేదు, చేరకూడదు. అప్పుడు జంక్షన్ దగ్గర ఆగి, సైకిళ్లు వెళ్లాక తిరగాలి. ఇంకో రకం చోట్ల కుడికి తిరిగే కార్లకు ప్రత్యేక లేన్ మొదలవుతుంది, సైకిల్ లేన్ దానికి ఎడమవైపున, నేరుగా వెళ్లే లేన్‌ను ఆనుకుని సాగుతుంది. "బిగిన్ రైట్ టర్న్ లేన్, యీల్డ్ టు బైక్స్" అన్న బోర్డు ఉంటుంది. అక్కడ కారు సైకిల్ లేన్‌ను దాటి వెళ్లాలి, దారి ఇవ్వాల్సింది కారే. నేరుగా వెళ్లాల్సిన సైకిల్ మనిషి భయపడి కుడి చివరికి వెళ్తే తిరిగే కార్ల దారిలో చిక్కుకుంటాడు. పిల్లలకు ఈ ఒక్కచోటు ప్రత్యేకంగా చూపించి నేర్పాలి.

మూడో మెట్టు: బాణపు మొనలున్న సైకిల్ బొమ్మ

మామూలు లేన్ మధ్యలో సైకిల్ బొమ్మ, దాని మీద రెండు బాణపు మొనలు. దీన్ని షారో అంటారు. దీనికి పక్కన గీత ఉండదు. గీత లేదు కాబట్టి ఇది సైకిల్ లేన్ కాదు. కార్లూ సైకిళ్లూ కలిసి వాడే లేన్.

1993లో డెన్వర్ నగరంలో జేమ్స్ మెకే అనే ఉద్యోగి దీని తొలి రూపం గీశారు. అప్పట్లో ఇల్లు ఆకారపు బాణంలో సైకిల్ మనిషి ఉండేవాడు. 2004లో శాన్ ఫ్రాన్సిస్కో దాన్ని పరీక్షించి ఇప్పటి రెండు మొనల రూపానికి వచ్చింది. 2009లో దేశమంతటికీ వర్తించే రోడ్డు గుర్తుల ప్రమాణాల్లో చేరింది.

దీన్ని కారు వాళ్లు "సైకిళ్లు ఈ వీధిలో వస్తుంటాయి, జాగ్రత్త" అన్నంత వరకే చదువుతారు. అసలు సమాచారం బొమ్మ ఎక్కడ ఉందన్నదాంట్లో ఉంది. పక్కన కార్లు పార్క్ చేసే వీధిలో షారో మధ్యభాగం ఫుట్‌పాత్ అంచుకు కనీసం 11 అడుగుల దూరంలో ఉండాలని 2009 ప్రమాణం చెప్పింది. ఆగిన కారుకు ఏడు అడుగులు పోతే, దాని డోర్ తెరుచుకునే మేర ఇంకో మూడు, నాలుగు అడుగులు. షారో మొన మీదుగా చక్రం పోనిస్తే డోర్ తగలదు. కాబట్టి సైకిల్ తొక్కేవాళ్లు మొన మధ్యగుండా నేరుగా సాగాలి. ఆగిన కార్ల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా లోపలికి దూరి మళ్లీ బయటికి రావడం మర్యాదగా అనిపిస్తుంది. కానీ వెనకున్న డ్రైవర్‌కు మీరు ఒకసారి మాయమై, మళ్లీ హఠాత్తుగా ప్రత్యక్షమవుతారు.

కారు వాళ్లు వెనక ఓపిక పట్టాలి, లేదా పూర్తిగా పక్క లేన్‌లోకి వెళ్లి దాటాలి. 2014 నుంచి సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం మూడు అడుగుల ఎడం ఉండాలన్న చట్టం ఉంది. 2023 నుంచి, వీలున్నచోట లేన్ మారే దాటాలి. మూడు అడుగులు కొలవాల్సింది కారు అద్దం నుంచి, చక్రం నుంచి కాదు.

సైకిల్ మీద ఉన్నవాళ్లకు ఇంకో మాట. షారో మీకు రక్షణ గోడ కాదు, రంగు మాత్రమే. వేగంగా కార్లు పోయే రోడ్డు మీద షారో ఉన్నంత మాత్రాన పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లకండి. గంటకు 35 మైళ్లు దాటిన రోడ్ల మీద ఇది వేయకూడదని పాత ప్రమాణమే అంది. నగరాలు నిజమైన లేన్ వేయడానికి బదులు చౌకగా షారో వేసి చేతులు దులుపుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. నా దృష్టిలో ఈ గుర్తు మీద జనానికున్న అయోమయానికి సగం కారణం అదే.

నాలుగో మెట్టు: ఆకుపచ్చ రంగు, పెట్టెలు

ఆకుపచ్చ రంగు చట్టాన్ని మార్చదు. 2011లో సమాఖ్య రహదారి సంస్థ దీనికి అనుమతి ఇచ్చింది. పని ఒక్కటే, కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించడం. పచ్చరంగు నిండుగా ఉంటే సైకిల్ లేన్. ముక్కలుగా ఉంటే అక్కడ కార్లు దాటుతాయి, సైకిల్‌కు దారి ఇచ్చి దాటాలి. పచ్చ ముక్కల మీద కారు వెళ్లకూడదనుకుని రోడ్డు మధ్యలో ఆగిపోవడం కూడా ప్రమాదమే.

సిగ్నల్ దగ్గర రెండు ఆపే గీతలు, వాటి మధ్య పచ్చటి పెట్టెలో సైకిల్ బొమ్మ ఉంటే, రెడ్‌లో కారు వెనక గీత దగ్గరే ఆగాలి. సైకిళ్లు ముందుకొచ్చి పెట్టెలో నిలబడతాయి. సాధారణంగా అక్కడ రెడ్‌లో రైట్ టర్న్ నిషేధిస్తూ బోర్డు ఉంటుంది. పెట్టె ఖాళీగా ఉందని ముందుకు జరగకండి.

జంక్షన్ లోపల, పక్కగా, మలుపు బాణంతో ఉన్న చిన్న పచ్చ పెట్టె వేరు. అది రెండు విడతల లెఫ్ట్ టర్న్ కోసం. సైకిల్ గ్రీన్‌లో నేరుగా వెళ్లి ఆ పెట్టెలో ఆగుతుంది, హ్యాండిల్ ఎడమకు తిప్పుకుంటుంది, అడ్డ వీధికి గ్రీన్ రాగానే నేరుగా పోతుంది. నాలుగు లేన్లు దాటి ఎడమకు చేరడం భయమనిపించే వాళ్లకు ఇది గొప్ప వరం.

ఇంకొకటి. 2024 జనవరి 1 నుంచి, కార్లకు రెడ్ ఉన్నా నడిచేవాళ్లకు వాక్ సిగ్నల్ వస్తే సైకిల్ కూడా వెళ్లవచ్చు, సైకిళ్లకు వేరే సిగ్నల్ ఉన్నచోట తప్ప. నడిచేవాళ్లకు మాత్రం దారి ఇవ్వాలి. "రెడ్‌లో దూసుకుపోతున్నాడు" అని మీరు తిట్టుకున్న మనిషి చట్టప్రకారమే వెళ్తుండవచ్చు.

ఐదో మెట్టు: సిగ్నల్ దగ్గర చిన్న బొమ్మ

లేన్‌లో ఆపే గీతకు కాస్త వెనక, సైకిల్ మీద కూర్చున్న మనిషి బొమ్మ, పైన ఒక నిలువు గీత, కింద ఒక నిలువు గీత ఉంటాయి. డ్రైవర్లు దీన్ని సైకిల్ లేన్ మొదలనుకుంటారు. సైకిల్ తొక్కేవాళ్లలో చాలామంది దాని పక్కనే నిలబడి, గ్రీన్ రాక విసుగొచ్చి, చివరికి రెడ్‌లో దాటేస్తారు.

ఆ బొమ్మ చెప్పేది "చక్రాలు ఈ గీతల మీద పెట్టి ఆగు" అని. రోడ్డు కింద తీగ చుట్ట ఉంటుంది, అందులో కరెంటు పారుతుంది. దగ్గరకు లోహం వస్తే ఆ మార్పును సిగ్నల్ పసిగడుతుంది. బరువుతో దీనికి సంబంధం లేదు, ఎగిరి దూకినా లాభం లేదు. సన్నటి పిల్లల సైకిల్ కూడా సరైన చోట నిలబడితే పనిచేస్తుంది. అల్యూమినియం చక్రాలకూ స్పందిస్తుంది, కార్బన్ రిమ్‌లతోనే కష్టం. బొమ్మ లేకపోతే తారు కోసి పూడ్చిన సన్నటి గీతలు వెతకండి. ఆ చుట్ట మధ్యలో కాకుండా కోత గీత మీదే చక్రాలు వరుసగా పెట్టండి.

ఆరో మెట్టు: బోర్డులు

పసుపు డైమండ్ మీద సైకిల్ బొమ్మ: ముందు సైకిళ్లు ఉండవచ్చు, చూసుకో అని కారుకు చెప్పే హెచ్చరిక. సైకిల్ దారి అని కాదు.

ఆకుపచ్చ బోర్డు మీద "బైక్ రూట్": దారి చూపించేది మాత్రమే. ప్రత్యేక చోటు ఉందన్న హామీ లేదు.

ఎర్ర వలయంలో సైకిల్, అడ్డంగా గీత: సైకిల్ రాకూడదు.

వీటిలో ఎక్కువ గొడవ తెచ్చినది "షేర్ ద రోడ్" పలక. రోడ్డు పంచుకోమని ఎవరికి చెబుతోంది? కారు మనిషి "సైకిల్ పక్కకు జరిగి నాకు దారివ్వాలి" అని చదివాడు, సైకిల్ మనిషి "కారు నాకు చోటివ్వాలి" అని చదివాడు. డెలావేర్ రాష్ట్రం 2013లోనే దీన్ని మానేసింది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో ప్రచురించిన సర్వేలో, ఈ పలక ఉన్నా లేకున్నా జనానికి కలిగే అవగాహనలో పెద్ద తేడా కనిపించలేదు. "బైసికిల్స్ మే యూజ్ ఫుల్ లేన్" అన్న తెల్ల బోర్డు మాత్రం విషయాన్ని స్పష్టంగా చేరవేసింది. 2023 డిసెంబరులో వచ్చిన జాతీయ ప్రమాణాల 11వ కూర్పు సైకిల్ బోర్డుల కింద "షేర్ ద రోడ్" పలకను తీసేసింది. పాతవి ఇంకా స్తంభాల మీద ఉంటాయి. కనిపిస్తే "సైకిల్ మనిషి కార్ల లేన్ మొత్తం వాడవచ్చు" అనే అర్థంతోనే చదవండి. అప్పుడు ఎవరికీ ఇబ్బంది రాదు.

సైకిల్ బొమ్మతో "రాంగ్ వే" అన్న బోర్డు సైకిళ్లకే. నడిచేటప్పుడు ఎదురొచ్చే బండ్లను చూస్తూ నడవమని మనకు నేర్పారు. సైకిల్‌కు అది వర్తించదు. ట్రాఫిక్ ఎటు వెళ్తే అటే తొక్కాలి. పక్క వీధి నుంచి కుడికి తిరిగే డ్రైవర్ ఎడమవైపే చూస్తాడు కాబట్టి ఎదురు దిక్కులో వచ్చే సైకిల్ అతనికి కనబడదు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు సైకిల్ ఇచ్చేముందు ఇది తప్పక చెప్పండి.

ఏడో మెట్టు: ఇంట్లోవాళ్లతో ఒకసారి నడిచి చూడండి

పిల్లలు బడికి వెళ్లే దారిలో ముందు నడిచి వెళ్లండి. ప్రతి గుర్తు దగ్గర ఆగి, "ఇక్కడ కారు ఏం చేస్తుంది? నువ్వేం చేయాలి?" అని అడగండి. వాళ్ల జవాబుల్లో మీకు తెలియనివి కూడా దొరుకుతాయి. సైడ్‌వాక్ మీద తొక్కవచ్చా అన్నది ఊరిని బట్టి మారుతుంది. రాష్ట్ర చట్టం ఆ నిర్ణయాన్ని స్థానిక ప్రభుత్వాలకే వదిలింది. మీ నగరం నియమం ఒకసారి వెతికి చూడండి. ఐరన్ హార్స్, అలమీడా క్రీక్ లాంటి ట్రెయిల్స్ మీద సైకిల్ నడిచేవాళ్లకు దారి ఇవ్వాలి. గంట కొట్టి, ఎడమ నుంచి మెల్లగా దాటండి. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు హెల్మెట్ తప్పనిసరి.

ఇంకో పని కూడా చేయండి. అరిగిపోయిన గీతలు, చెట్టు కొమ్మల వెనక దాగిన బోర్డులు, సైకిల్‌ను పట్టించుకోని సిగ్నళ్లు కనిపిస్తే ఫిర్యాదు పెట్టండి. శాన్ హొజేలో అయితే నగరం నడిపే 311 యాప్ ఉంది. రాష్ట్ర రహదారి అయితే రాష్ట్ర రవాణా శాఖ కాల్‌ట్రాన్స్ వెబ్‌సైట్‌లో పెట్టవచ్చు. ఫోటో, అడ్డ వీధి పేరు, ఏ దిక్కుకు వెళ్లే లేనో రాయండి. సిగ్నల్ గురించైతే ఏ లేన్‌లో, బొమ్మ మీద నిలబడ్డారా లేదా, ఎంతసేపు ఆగారో కూడా చేర్చండి. ఈ వివరాలుంటే రిపేరు సిబ్బంది సరిగ్గా ఆ తీగ చుట్ట దగ్గరికే వెళ్లి చూడగలుగుతారు.